పదో తరగతి నుంచి ప్యాకింగ్ బల్లకు: పర్లాకిమిడిలో ఒక కేసు

ఒడిశా-ఆంధ్ర సరిహద్దులోని పర్లాకిమిడిలో తెలుగు మాట్లాడే ఇల్లు. తండ్రి రైస్ మిల్లులో కళాసీ, తల్లి ఇడ్లీ పిండి రుబ్బి కవర్లలో అమ్ముతుంది. అమ్మాయికి మేధో వైకల్యం. యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) మీద వైకల్యం 75 శాతం అని ఉంది. ఒడియా మీడియం ప్రభుత్వ హైస్కూల్లో తొమ్మిది పూర్తయి పదిలోకి వస్తున్నప్పుడు, ఆమెను బడి నుంచి పనిలోకి చేర్చే మా కేసు మొదలైంది. అప్పటికి పదహారు దాటాయి. మూర్ఛ లేదు, చూపూ వినికిడీ సరిగానే ఉన్నాయి. ఇప్పుడు ఊరి బయట ఒక జీడిపప్పు యూనిట్‌లో ప్యాకింగ్ చేస్తోంది, కూలి తన ఖాతాలోనే పడుతోంది. మధ్యలో ఏం చేయాల్సి వచ్చింది, పని ఎక్కడెక్కడ ఎందుకు ఆగింది అన్నదే ఇక్కడ రాస్తున్నది. మనిషిని గుర్తుపట్టే వివరాలు తీసేశాం.

గజపతి జిల్లాలో ఇలాంటి పిల్లలకు పద్దెనిమిదేళ్ళు పెద్ద గండం. ఆరు నుంచి పద్దెనిమిది దాకా ఉచిత విద్య హక్కని 2016 వికలాంగుల హక్కుల చట్టం 31వ సెక్షన్ చెబుతుంది. అందుకని బడి రిజిస్టర్‌లో పేరుంటుంది, ఇలాంటి పిల్లలకు విడిగా చెప్పే రిసోర్స్ టీచర్ అప్పుడప్పుడైనా వస్తారు. ఆ వయసు దాటాక ఏ రిజిస్టర్‌లోనూ పేరుండదు. ఇల్లు, లేదంటే ఏదో ఒక ట్రైనింగ్ సెంటర్. అక్కడ కొవ్వొత్తులో, కాగితం సంచులో, అగరబత్తులో నేర్పి సర్టిఫికెట్ ఇస్తారు. సర్టిఫికెట్ ఫ్రేమ్ కట్టి గోడకు పెడతారు, అమ్మాయి ఇంట్లోనే ఉంటుంది.

సెంటర్లలో నేర్పడం రాదని కాదు. మేధో వైకల్యం ఉన్నవాళ్ళు చాలామంది ఒక చోట నేర్చుకున్న పనిని ఇంకో చోట తమంతట తాము చేయలేకపోతారు. బల్ల ఎత్తు మారినా, కవర్ రంగు మారినా, చెప్పే గొంతు మారినా నేర్చుకున్నది చెదిరిపోతుంది. అందుకే ముందు తయారు చేసి తర్వాత పని వెతకడం వీళ్ళ విషయంలో తిరగబడిన పద్ధతి. ముందు పని దొరకాలి, ఆ బల్ల దగ్గరే, ఆ వస్తువులతోనే నేర్పాలి. ఈ కేసంతా ఆ లెక్కలోనే నడిచింది.

అంచనా: తల్లిని తెలుగులో అడిగితే

కార్డు మీద శాతం పింఛనుకు, రాయితీలకు పనికొస్తుంది. ఏ పని ఇవ్వాలో తేల్చుకోవడానికి పనికిరాదు. శాతం తేల్చేటప్పుడు వాడే వైన్‌లాండ్ సోషల్ మెచ్యూరిటీ స్కేల్ (రోజువారీ పనులు ఎంతవరకు చేసుకోగలరో చూసే ప్రశ్నల పట్టీ) చాలావరకు తల్లినో సంరక్షకులనో అడిగి నింపేది. తెలుగింటి తల్లిని ఒడియాలో గబగబా అడిగితే సగం ప్రశ్నలకు అడ్డంగా తల ఊపేస్తుంది. అదే ప్రశ్న తెలుగులో, ఇంట్లో పీట మీద కూర్చుని అడిగితే జవాబు మారిపోతుంది. ‘గ్యాస్ వెలిగిస్తుందా?’ అంటే ‘లేదు’. ‘ఎప్పుడైనా వెలిగించి చూసిందా?’ అంటే ‘అమ్మో, మేం వెలిగించనివ్వం కదా’. మొదటి జవాబు ఒక్కటే రాసుకుంటే చేతకానిదీ చేయనివ్వనిదీ ఒకే గడిలో పడిపోతాయి. చేయనివ్వని పనులన్నీ విడిగా ఒక కాగితం మీద రాసుకోవాలి. నేర్పడానికి ముందుగా చేతికి దొరికేవి అవే.

ఈ ఊళ్ళో ఇది కొత్త సంగతేం కాదు. పర్లాకిమిడిలోనే పంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని పట్టుబట్టి, ఆ భాష నేర్చుకుని పుస్తకాలు తయారు చేశారు. వందేళ్ళు దాటినా ఇంటి భాషలో అడగడమన్నది ఇంకా అలవాటు కాలేదు.

అంచనాకు మూడు చోట్ల చూడాలి: బడిలో, ఇంట్లో, నలుగురు మసలే చోట. ప్రతిచోటా కనీసం రెండు గంటలు, మాట సాయం చేయకుండా. బడి రికార్డులో ‘పదికి మించి లెక్కపెట్టలేదు, దృష్టి నిలవదు’ అని ఉంది. ఇంట్లో తల్లి పిండి అమ్మే వేళ అదే అమ్మాయి కవర్ నోరు తెరిచి, రెండు గరిటెలు పోసి, గాలి వత్తేసి, రబ్బరు బ్యాండు మూడు చుట్లు తిప్పుతోంది. ముప్పావు గంట తల తిప్పలేదు. అంచుకు పిండి అంటితే గుడ్డతో తుడిచి మరీ పక్కన పెడుతోంది. అంకెలు చదువుతుంది, ఒకేలా ఉన్న అంకెలను జత చేస్తుంది, కానీ 480 పెద్దదా 500 పెద్దదా అంటే తెలియదు. గట్టిగా అకస్మాత్తుగా శబ్దం వస్తే చెవులు మూసుకుంటుంది, నిలకడగా మోగే మోటారు శబ్దాన్ని పట్టించుకోదు. పని వెతకడానికి ఈ నాలుగు వాక్యాలు చాలు. ఐక్యూ నివేదికలో ఇవేవీ ఉండవు.

కాగితాలు, పేరు ముందా ఇంటిపేరు ముందా

సరిహద్దు జిల్లాల్లో తెలుగు కుటుంబాలకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఇది. ఇంట్లో ఇంటిపేరు ముందు రాస్తారు. ఒడియా బడిలో పేరు ముందు, ఇంటిపేరు చివర. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరం, యూడీఐడీలో ఒడియా నుంచి ఇంగ్లిష్‌లోకి మార్చిన ఇంకో స్పెల్లింగ్. మూడు కాగితాల్లో ముగ్గురు మనుషులు. బడిలో ఉన్నన్నాళ్ళూ ఎవరికీ పట్టదు; ఖాతాకు డబ్బు పడాల్సిన రోజున బయటపడుతుంది.

సరిచేసే వరస ముఖ్యం. ఆధార్‌లో పేరు జీవితకాలంలో రెండుసార్లే మార్చనిస్తారు, కాబట్టి అక్కడ చెయ్యి పెట్టే ముందు ఆలోచించాలి. పదో తరగతి బోర్డు సర్టిఫికెట్‌లో ఒకసారి అచ్చయ్యాక మార్చడం ఇంకా కష్టం. అందుకే పరీక్ష ఫారం నింపకముందే హెడ్‌మాస్టర్ దగ్గర కూర్చుని, ఆధార్‌లో ఎలా ఉందో బడి రికార్డులో అలా రాయించడం, తర్వాత యూడీఐడీని దానికి తగ్గట్టు సరిచేయించడం సులువు దారి. ఈ కేసులో అలాగే చేశాం. యూడీఐడీ మీద గడువు తేదీ ఉందేమో కూడా అప్పుడే చూసుకోవాలి. గడువు దాటిన కార్డుతో పద్దెనిమిది నిండితే మళ్ళీ మెడికల్ బోర్డు క్యూ.

బ్యాంకు ఖాతాకు పద్దెనిమిది దాకా ఆగనక్కర్లేదు. పదేళ్ళు దాటిన మైనర్లు సొంతంగా పొదుపు ఖాతా నడపవచ్చని రిజర్వ్ బ్యాంకు 2014లోనే చెప్పింది. సంతకం నిలకడగా రావడానికి కొన్ని నెలలు పట్టింది. ఇంటిపేరు మొదటి అక్షరం, చుక్క, పేరు, అంతే. పొడుగు సంతకం పెట్టించబోతే ప్రతిసారీ మారిపోతుంది.

సంరక్షకుల సర్టిఫికెట్ సంగతి ఇక్కడే. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ పద్దెనిమిది దాటినవాళ్ళకు చట్టబద్ధ సంరక్షకుణ్ణి నియమిస్తుంది. అది ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్ళకు. చాలామంది దీన్ని అందరికీ రొటీన్‌గా చేయించేస్తారు, అది మంచి అలవాటు కాదు. ఈ అమ్మాయికి డబ్బు లెక్క తెలియకపోయినా, ఎవరికిస్తున్నదీ ఎందుకిస్తున్నదీ తెలుసు. అందుకని చేయించలేదు.

ఎవరి దగ్గర పని

ఇంటి నుంచి ఐదు కిలోమీటర్ల లోపు చేతిపని ఉన్న చోట్లన్నీ కాగితం మీద వేశాం. కొమ్ము బొమ్మల షెడ్డు ఈ ఊరికి పేరు తెచ్చిన పనే కానీ సన్నని ఆకురాయి పని, పొడి ఎక్కువ. బేకరీలో ఓవెన్ కంటే ట్రేలు పడే చప్పుడు పెద్ద అడ్డంకి. రైస్ మిల్లులో ఆడపిల్లకు మిగిలేది తూర్పారబట్టడం, అదీ సీజన్‌లోనే. సరిహద్దు దాటితే ఆంధ్రలోని పాతపట్నం పక్కనే ఉంది, అటువైపు కూడా అడగొచ్చు. వైకల్య సర్టిఫికెట్ దేశమంతా చెల్లుతుందని 2016 చట్టం 58వ సెక్షన్‌లో ఉంది. అయితే పింఛను, రేషను నివాసాన్ని పట్టి ఉంటాయి కాబట్టి అటు పనికి వెళ్ళినా చిరునామా మార్చకూడదు. చివరికి మిగిలింది జీడిపప్పు యూనిట్.

జీడి యూనిట్ అనగానే ఒక హద్దు గీసుకోవాలి. పిక్కను ఆవిరిలో ఉడికించడం, కోయడం, బోర్మాలో (వేడిగాలి పొయ్యిలో) ఆరబెట్టడం, పొర తీయడం, గ్రేడింగ్ (సైజును బట్టి వేరుచేయడం), ప్యాకింగ్ ఇదీ వరస. కోత దగ్గర పెంకు నుంచి వచ్చే జీడి నూనె చర్మాన్ని కాలుస్తుంది. అనుభవమున్నవాళ్ళే చేతికి నూనె రాసుకుని, బూడిద పట్టించుకుని కూర్చుంటారు. బోర్మా దగ్గర వేడి. ఈ రెండు చోట్లకూ అమ్మాయి వెళ్ళదని మొదటి రోజే ఒప్పందం. యూనిట్‌లో ఇలాంటి ప్రమాదకరమైన పనులు ఉన్నాయి కాబట్టి పద్దెనిమిది నిండకుండా అక్కడ కూర్చోబెట్టే ప్రశ్నే లేదు. అప్పటిదాకా బడిలో, ఇంట్లో వేరుశనగ గుళ్ళతో సాధన. అక్కడ కూడా యూనిట్‌లో వాడే పౌచ్‌లే, అదే ఎత్తు బల్లే పెట్టాం.

యజమానితో మాట జాలితో మొదలుపెడితే కథ అక్కడే ముగుస్తుంది. ‘పాపం’ అంటూ ఒకసారి చీరో బియ్యమో ఇచ్చి పంపిస్తాడు. అతని ఇబ్బంది ఏమిటో ముందు కనుక్కోవాలి. ఇక్కడి ఇబ్బంది దసరా, దీపావళి ముందు తేలింది. అరకిలో పౌచ్‌ల ఆర్డర్లు పెరిగినప్పుడు గ్రేడింగ్ బల్ల నుంచి ఆడవాళ్ళను లేపి ప్యాకింగ్‌కు పంపుతున్నాడు. వాళ్ళకు కిలో లెక్కన కూలి. లేచి వెళ్ళినంతసేపూ వాళ్ళకు నష్టం, గ్రేడింగ్ వెనకబడి అతనికీ నష్టం. ఆ ప్యాకింగ్‌లోంచి నాలుగు ముక్కలు విడదీస్తే (స్టిక్కర్ అంటించడం, నింపడం, తూచడం, అంచు తుడవడం) అది ఒక మనిషి పని అవుతుంది. గ్రేడింగ్ అప్పలు (అక్కలు) ఆ అమ్మాయిని అంత త్వరగా దగ్గరకు తీసుకోవడానికి కారణం మంచితనం ఒక్కటే కాదు. ఆమె బల్ల దగ్గర ఉంటే వాళ్ళు తమ బల్ల వదలక్కర్లేదు. పక్కవాళ్ళ సాయం నిలబడాలంటే అందులో వాళ్ళకూ ఏదో ఒక లాభం ఉండాలి.

అప్రెంటిస్‌షిప్ దారి కూడా చూశాం. ముప్పై మంది కంటే తక్కువున్న యూనిట్‌కు అది తప్పనిసరి కాదు, ఇష్టమైతే పెట్టుకోవచ్చు. ప్రభుత్వం స్టైపెండ్‌లో నాలుగో వంతు, నెలకు గరిష్ఠంగా 1,500 రూపాయలు భరిస్తుంది. ఆన్‌లైన్ పోర్టల్‌లో నమోదు అనగానే యజమాని వెనక్కి తగ్గాడు. బలవంతం చేయలేదు.

తూకం దగ్గర అసలు పోరు

పనిని తొమ్మిది అంచెలుగా విడగొట్టాం. టోపీ, మాస్కు పెట్టుకుని చేతులు కడగడం, పౌచ్ తీసి స్టిక్కర్ గీత మీద అంటించడం, పౌచ్ నోరు తెరిచి స్టాండులో నిలబెట్టడం, డబ్బాతో గీత దాకా పప్పు ముంచడం, పౌచ్‌లో పోయడం, తూకం మీద పెట్టడం, బరువు చూసి కలపడమో తీయడమో, అంచు పొడి గుడ్డతో తుడవడం, నీలం ట్రేలో నిలబెట్టడం. ప్రతి అంచె పక్కన రోజూ ఒక గుర్తు: తనంతట తాను చేసిందా, వేలు చూపిస్తే చేసిందా, చేసి చూపిస్తే చేసిందా, చేయి పట్టుకుని చేయించాల్సి వచ్చిందా. మాటతో చెప్పడాన్ని కావాలనే తగ్గించాం. మాట సాయానికి అలవాటు పడితే దాన్ని మాన్పించడం అన్నిటికంటే కష్టం, ‘ఊఁ, తర్వాత?’ అనే గొంతు లేకపోతే చెయ్యి ఆగిపోతుంది. ఐదు సెకన్లు ఆగి, అప్పటికీ కదలకపోతే వేలు చూపించాలి, అంతే. వరసగా మూడు రోజులు తొమ్మిదికి తొమ్మిదీ సాయం లేకుండా చేస్తేనే వేగం గురించి ఆలోచించాలి.

ఏడో అంచె దగ్గర బండి ఆగింది. తూకం మీద 500 అని రాసిన అట్టముక్క అతికించి, అంకెలు కలిసేదాకా పప్పు వేయమన్నాం. అంకెలు జత చేయడం ఆమెకు వచ్చు కాబట్టి సరిపోతుందనిపిస్తుంది. కానీ 498 చూపిస్తే ఒక పప్పు వేస్తుంది, 501 అవుతుంది, ఒకటి తీస్తుంది, మళ్ళీ 498. ఒక్కో పౌచ్‌కు ఐదారు నిమిషాలు, చివరికి కన్నీళ్ళు. ఇది ఆమె లోపం కాదు, లెక్కలోనే ఉంది. డబ్ల్యూ 320 అనే గ్రేడు అంటే పౌనుకు, అంటే 454 గ్రాములకు, 320 దాకా వచ్చే గుండు పప్పు. ఒక్కోటి సుమారు 1.4 గ్రాములు. డబ్ల్యూ 180 అయితే ఒక్కోటి రెండున్నర గ్రాములు. ఒక గ్రాము తేడా చూపించే తూకం మీద రెండున్నర గ్రాముల పప్పుతో సరిగ్గా 500 కొట్టడం ఎవరికైనా అదృష్టమే. మామూలు ప్యాకర్ నాలుగు గ్రాములు ఎక్కువైతే వదిలేస్తాడు. ఆమెకు ‘దరిదాపు’ అన్నది నేర్పాలి, అదే రాదు.

విరుగుడు తూకంలోనే ఉంది. హద్దులు పెట్టుకునే సౌకర్యమున్న తూకాల మీద మూడు దీపాలుంటాయి: తక్కువ, సరి, ఎక్కువ. కింది హద్దు 500, పై హద్దు 506 పెట్టాం. డబ్ల్యూ 320కి ఆ ఆరు గ్రాముల్లో నాలుగు పప్పులు పడతాయి, డబ్ల్యూ 180కి రెండు. ఆకుపచ్చ దీపం వెలిగితే చెయ్యి తీసేయాలి. అంకెలు కనబడే అద్దాన్ని ఇన్సులేషన్ టేపుతో మూసేశాం. మూయకముందు దీపం వెలిగినా అంకెల వైపే చూసేది. మూసిన వారంలోనే ఆ అంచె దగ్గర సాయం అక్కర్లేకుండా పోయింది. పౌచ్‌కు అరడజను గ్రాములు ఎక్కువ పోతున్నాయని యజమాని మొదట గునిశాడు. అలవాటైన ప్యాకర్ల పౌచ్‌లు కొన్ని అతని ఎదురుగానే తూచి చూపిస్తే ఊరుకున్నాడు. అవీ అటూ ఇటూగా అంతే.

తూకంతో వచ్చే ఇంకో తంటా టేర్. ఖాళీ పౌచ్ బరువు తీసేయకపోతే అంత మేరకు పప్పు తక్కువ పడుతుంది. ఆమె చేత టేర్ నొక్కించడం మొదలుపెడితే నిండిన పౌచ్ మీద కూడా నొక్కేస్తుంది, అది ఇంకా ప్రమాదం. కాబట్టి పొద్దున మేస్త్రి ఒకసారి టేర్, హద్దులు సరిచేసి, బటన్ల మీద ప్లాస్టిక్ మూత బిగిస్తాడు. పౌచ్ కంపెనీ మారిన రోజు మళ్ళీ సరిచేయాలి. ఈ సంగతి ఎవరో గుర్తుపెట్టుకుంటారులే అని వదిలేయకుండా పౌచ్ కట్ట అట్టపెట్టె లోపలి మూత మీద మార్కర్‌తో రాసి ఉంచాం. కొత్త కట్ట విప్పినవాడికి ముందు కనబడేది అదే.

ముంచే డబ్బా లీటరు స్టీలు డబ్బా. గీత దాకా ముంచితే తూకం హద్దుకు కాస్త తక్కువగా పడేలా గీత పెట్టాలి. అప్పుడు చేత్తో కలపడమే ఉంటుంది, తీయడం ఉండదు. తీయడం కంటే కలపడం నేర్పడం చాలా సులువు. గ్రేడు మారితే అదే గీతకు బరువు మారుతుంది. లాట్ మారిన మొదటి రోజు అన్ని పౌచ్‌లకూ ఎర్ర దీపమే వెలిగింది, ఆమె బల్ల కింద కూర్చుండిపోయింది. ఆ తర్వాత గ్రేడుకొక డబ్బా, డబ్బాకూ పప్పు డ్రమ్ముకూ ఒకే రంగు స్టిక్కర్.

పప్పు పొడి అంచుకు అంటుకుంటే సీలు పట్టదు, గాలి చొరబడి పప్పు మెత్తబడిపోతుంది. ఎనిమిదో అంచె అందుకే. విచిత్రమేమిటంటే అందరికంటే ఆమె తుడిచినదే శుభ్రంగా ఉంటోంది. పిండి కవర్ల దగ్గర వచ్చిన అలవాటు.

నోట్లో వేసుకోవడం గురించి దాపరికం అక్కర్లేదు. జీడిపప్పు ముందు కూర్చుంటే ఎవరికైనా చెయ్యి పోతుంది, పక్కవాళ్ళు నవ్వితే ఇంకా పోతుంది. తిట్టడం పనిచేయలేదు. మాస్కు ఉన్నంతసేపు నోరు మూతే అన్న నియమం, పదకొండు గంటల టీ వేళకు గుప్పెడు ముక్క పప్పు చేతిలో పెట్టడం, ఈ రెండూ కలిపితే పోయింది. మాస్కు మొదట భరించలేదు. ఇంట్లో పిండి పోసే వేళ పది నిమిషాలతో మొదలుపెట్టి పెంచుకుంటూ వస్తే అలవాటైంది.

ఆహారం తాకే పని కాబట్టి ఏటా మెడికల్ ఫిట్‌నెస్ కావాలి. అది అంటువ్యాధుల కోసం చేసే పరీక్ష. వైకల్యానికీ దానికీ సంబంధం లేదు. ఈ మాట డాక్టర్ గదిలోకి వెళ్ళకముందే కాగితం మీద రాసి పట్టుకెళ్ళడం మంచిది.

కోచ్ నిలబడే చోటు

పనిచోటే పక్కన ఉండి నేర్పే జాబ్ కోచ్ మొదట్లో పూర్తి షిఫ్టు ఉండాలి. చిక్కేమిటంటే కోచ్ పక్కన ఉన్నంతకాలం మేస్త్రి అమ్మాయితో మాట్లాడడు, కోచ్‌తోనే మాట్లాడతాడు. ‘ఆవిడకి చెప్పండి’ అంటాడు. అందుకే కోచ్ స్థానం దశలవారీగా మారాలి. మొదట మోచేతి దూరం, తర్వాత బల్లకు అవతల, ఆ తర్వాత గుమ్మం దగ్గర, చివరికి టీ వేళలో మాత్రమే. ప్రతి దశలో కోచ్ చేసే ఒక పని యూనిట్‌లో ఒకరికి పేరుపేరునా అప్పగించాలి. రంగు డబ్బా ఇవ్వడం మేస్త్రిది. టీ వేళకు, బాత్రూమ్‌కు పిలవడం గ్రేడింగ్ బల్ల దగ్గర ఉండే ఒక అప్పది. నెలసరి రోజుల్లో ప్యాడ్ ఎక్కడుంటుందో, కడుపునొప్పి అయితే ఎవరికి చెప్పాలో కూడా ఆ అప్పే చూపించాలి. కోచ్ చూపిస్తే కోచ్ లేనిరోజు ఆగిపోతుంది.

మేస్త్రి ఒడియా, అప్పలది తెలుగు, సవర. ఆమెకు ఆజ్ఞ మాటలు ఐదే: ఆగు, తే, ఇటు, చాలు, కడుగు. మేస్త్రి కూడా ఈ ఐదూ తెలుగులోనే అనడం మొదలుపెట్టాక తడబాటు తగ్గింది. ముద్దు చేస్తూ చిన్నపిల్ల మాటలు మాట్లాడొద్దని అందరికీ చెప్పాల్సి వచ్చింది. పనిలో ఉన్న మనిషితో పనిలో ఉన్న మనిషిలా మాట్లాడాలి.

వేగం మాటకొస్తే అలవాటున్న ప్యాకర్ గంటకు అరవై పౌచ్‌ల దాకా తూచి పెడతాడు. ఆమె ఇరవై లోపు మొదలైంది, ఇప్పుడు నలభై ఐదు దగ్గర నిలబడింది. ఇంకా పెంచాలని ఒత్తిడి చేస్తే అంచు తుడవడం ఎగరగొడుతుంది, కాబట్టి అక్కడితో వదిలేశాం.

ఇంటి నుంచి యూనిట్ దాకా

షేర్ ఆటో. వెనక నుంచి నేర్పడం పద్ధతి: మొదట దారంతా కోచ్ ఉండి, చివరి వంద అడుగులు (ఆటో దిగి యూనిట్ గేటు దాకా) ఆమెను ఒంటరిగా వదలాలి. అది వచ్చాక దిగడం, ఆ తర్వాత ఎక్కడం. ప్రతిరోజూ విజయంతో ముగుస్తుంది కాబట్టి భయం నాటుకోదు. అదే యూనిట్‌లో పనిచేసే ఇద్దరు ఆడవాళ్ళతో ఒకే ఆటో మాట్లాడుకున్నాం. సంత రోజున ఆటో వేరే వీధి నుంచి వెళుతుంది, గుర్తులు కనబడక కంగారు పడింది. సంత దారిని విడిగా మళ్ళీ నేర్పాల్సి వచ్చింది. ఫోన్‌లో మూడు ఫొటోలు: అమ్మ, ఆటో, మేస్త్రి. ఫొటో నొక్కితే కాల్ వెళ్ళాలి, నంబర్లు వద్దు.

ఒంటరిగా ఎవరి బండీ ఎక్కకూడదు, పిలిస్తే గట్టిగా ‘వద్దు’ అనాలి అన్నది మాటల్లో చెబితే సరిపోదు. ఆమెకు తెలియని మనిషి చేత పిలిపించి, తల్లికి ముందే చెప్పి, నిజం దారి మీదే సాధన చేయించాలి. పదిమంది, ఆపైన ఉన్న చోట లైంగిక వేధింపుల నిరోధానికి అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం. ఈ యూనిట్‌లో అది కాగితం మీదే ఉండేది. కమిటీ సభ్యురాలిని చేరకముందే అమ్మాయికి పరిచయం చేయించాం.

కూలి, పింఛను

యజమాని మొదటి మాట ‘సగం కూలి’. ఇంట్లో వాళ్ళూ ఒప్పేసుకోబోయారు, ఏదో ఒకటి దొరికింది కదా అని. వేగం సగానికి పైగా ఉంది, పైగా ఆమె వల్ల గ్రేడింగ్ ఆగడం లేదు. ఆ లాభం యజమానిదే. అందుకే ఒప్పందం ఇలా రాయించాం: ప్రభుత్వం నోటిఫై చేసిన కనీస వేతనానికి తగ్గకుండా రోజు కూలి, మూడు నెలల తర్వాత సమీక్ష, కోతకూ బోర్మాకూ పంపకూడదు, ఖాతాలోనే జమ. ఒక్క పేజీ, తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి. పౌచ్ లెక్కన ఇస్తానంటే ఒప్పుకోకూడదు. లాట్ మారిన రోజు, కరెంటు పోయిన రోజు కూలి పడిపోతుంది, దానికి కారణం ఆమెకు అర్థం కాదు, మర్నాడు రానంటుంది.

తల్లి అడిగింది: ‘గుంట పనికెల్తే పింఛను పోతాదేటి?’ న్యాయమైన భయమే. ఒడిశా ప్రభుత్వం ఇచ్చే మధుబాబు పింఛనుకు ఆదాయ పరిమితి ఉంది. ఇందిరాగాంధీ వికలాంగ పింఛను 80 శాతం, ఆపైన ఉన్నవాళ్ళకు మాత్రమే. ఎవరో చెప్పిన మాట మీద ఆధారపడకుండా, చేరకముందే బ్లాక్ ఆఫీసుకు రాతపూర్వకంగా అడిగి, రసీదు మీద ముద్ర వేయించుకోవాలి. పింఛను ఆగినా నెల కూలి దానికి ఎన్ని రెట్లో తల్లి ముందు నోట్లు పేర్చి చూపించాం. కాగితం లెక్క కంటే అది బాగా ఎక్కింది. నాలుగు శాతం రిజర్వేషన్‌లో సర్కారు ఉద్యోగం వస్తుందేమో ఆగుదామని మేనమామ వాదన. మేధో వైకల్యం, ఆటిజం, మానసిక అనారోగ్యం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం, బహుళ వైకల్యాలు అన్నిటికీ కలిపి అందులో ఒక్క శాతమే. దరఖాస్తు చేయడానికి అడ్డు లేదు, ఇంట్లో కూర్చుని ఎదురుచూడడానికే అభ్యంతరం.

ఏటీఎం కార్డు ఎవరి దగ్గర ఉండాలన్న గొడవ ఇంకా నడుస్తోంది. మొదటి నెల ఆమె అన్న పిన్ తీసుకుని డబ్బు తీసేశాడు. ఇప్పుడు ఏటీఎం కార్డు లేకుండా, పాస్‌బుక్‌తో తల్లితో కలిసి వెళ్ళి వారానికొకసారి తీసుకుంటోంది. అందులో కొంత ఆమె చేతిలోనే ఉండాలని పట్టుబట్టాం; తన డబ్బుతో తాను గాజులు కొనుక్కున్న వారం ఆమెకు కూలి అంటే ఏమిటో తెలిసింది.

చేరాక

ఇలాంటి పని చెడేది మొదటి వారంలో కంటే మేస్త్రి మారినప్పుడు. కొత్త మేస్త్రికి దీపాల సంగతి తెలియక టేపు పీకేశాడు, ‘అంకెలు కనబడకపోతే ఎలా?’ అని. రెండు రోజులు పని నిలిచిపోయింది. తూకం పక్కన ఫొటోలతో ఒక అట్ట వేలాడదీశాక సర్దుకుంది. సందర్శనలు మొదటి మూడు నెలలు వారానికొకటి, తర్వాత నెలకొకటి. మేస్త్రి, లాట్, ఆటో, వేళలు వీటిలో ఏది మారినా మళ్ళీ వారానికొకటి.

రెండో గండం సీజన్. పిక్క వచ్చేది మార్చి నుంచి మే దాకా. నిల్వ అయిపోయాక చిన్న యూనిట్లు కొన్నాళ్ళు మూసేస్తాయి. ఆ ఖాళీలో ఇంట్లో కూర్చోబెడితే తొమ్మిదిలో నాలుగు అంచెలు మరిచిపోతుంది. ఆ నెలల్లో తల్లి పిండి వ్యాపారానికే అదే స్టాండు, అదే టోపీ, అదే ట్రే తెచ్చి పెట్టాం. కవర్‌కు కూలి కూడా లెక్కగా ఇవ్వాలని తల్లితో ఒప్పందం.

మిగిలింది సీలింగ్. బ్యాండ్ సీలర్ దగ్గర వేడి పట్టీ, కదిలే బెల్టు రెండూ ఉన్నాయి. అమ్మాయికి ఇష్టమే, చెయ్యి కూడా నిలకడగా ఉంది. పట్టీకి ముందు వేలు పట్టనంత సందు మాత్రమే వదిలే రేకు గార్డు చేయించమని యజమానికి చెప్పాం, కొలతలు ఇచ్చాం. వానల్లో తెరిచిన పౌచ్ ఎక్కువసేపు ఉంటే పప్పు చెమ్మ పీల్చుకుంటుంది కాబట్టి, ఇప్పటికి ట్రే నిండేదాకా ఆగకుండా పది పౌచ్‌లు కాగానే గ్రేడింగ్ అప్ప వచ్చి సీలు వేసి వెళుతోంది. గార్డు బిగించాకే పదో అంచె మొదలవుతుంది.